బంగారు అంచు వెనక బొమ్మ: బైండింగుకి ఇచ్చే ముందు

ప్రశ్న: మా మామగారి బీరువా సర్దుతుంటే నీలం తోలు అట్టతో ఒక ఇంగ్లిషు కవితల పుస్తకం దొరికింది. లండన్‌లో 1817లో అచ్చయినట్టు మొదటి పేజీలో ఉంది. మూడు పక్కలా బంగారు అంచు. మా మనవరాలు పేజీలు వంచి చూస్తుంటే అంచు మీద ఏటి ఒడ్డు, రాతి వంతెన, వెనక చర్చి గోపురాలు కనిపించాయి. పుస్తకం మూస్తే ఏమీ లేదు, ఉత్త బంగారమే. వెన్ను దగ్గర తోలు ఎర్రటి పొడిలా రాలి చేతికి అంటుతోంది. ముక్క వాసన కూడా వస్తోంది. ఊళ్లో బైండింగు చేసే ఆయన కొత్త వెన్ను వేసి, మాసిన రంగులు దిద్దించి ఇస్తానంటున్నాడు. తోలుకి కొబ్బరినూనె రాయమని పక్కింటివాళ్లు చెప్పారు. ఈ బొమ్మ నిజంగా రెండు వందల ఏళ్ల నాటిదేనా? ఎలా చూడాలి, ఎలా దాచాలి? మనవరాలు తనూ అలాంటిది వేస్తానంటోంది. లండన్‌లో ఉన్న మా అబ్బాయి వచ్చే నెల వచ్చినప్పుడు తీసుకెళ్లి వేలానికి ఇస్తానంటున్నాడు. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అమ్మా, అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది బైండింగు సంగతి. ఆ పుస్తకాన్ని ఇవ్వకండి. ఇప్పటికే ఇచ్చి ఉంటే ఈ రోజే వెళ్లి తెచ్చేసుకోండి. ఆయన పనితనం మీద అనుమానంతో అంటున్న మాట కాదిది. మన దగ్గర బైండింగు జరిగే పద్ధతికీ, ఈ బొమ్మ పుస్తకంలో ఉన్న చోటుకీ పొసగదు.

బొమ్మ ఎక్కడుందో చూడండి. పేజీలను పేక ముక్కల్లా కాస్త ఏటవాలుగా జరిపితే ఒక్కో కాగితం పక్క కాగితం కింద నుంచి వెంట్రుకవాసి బయటికి వస్తుంది. అలా బయటపడిన సన్నటి పట్టీల మీద వేసిన బొమ్మ అది. మీ పుస్తకంలో 400 పేజీలు, అంటే 200 కాగితాలు ఉన్నాయనుకుందాం. విప్పినప్పుడు బొమ్మ వెడల్పు 5 సెంటీమీటర్లు వస్తే ఒక్కో కాగితం వంతుకి పడేది పావు మిల్లీమీటరు. ఏరూ వంతెనా గోపురాలూ అన్నీ ఆ పావు మిల్లీమీటరులోనే ఉన్నాయి. పుస్తకం మూయగానే పట్టీలన్నీ ఒకదాని వెనక ఒకటి దాక్కుంటాయి. కాగితాల మందం మీద అద్దిన బంగారం ఒక్కటే పైకి కనిపిస్తుంది.

ఇక బైండింగు షాపులో జరిగేది మీకు తెలిసిందే. వెన్నుకి పక్కగా రంధ్రాలు పొడిచి పక్క కుట్టు వేస్తారు, ఫెవికాల్ పట్టిస్తారు, చివరికి కటింగ్ మిషన్‌లో పెట్టి మూడు పక్కలా రెండు మూడు మిల్లీమీటర్లు సాపు చేస్తారు. ఆ ఒక్క కోతతో బంగారమూ బొమ్మా కలిసి కాగితపు తురుములోకి పోతాయి. పుస్తకంలో ఒక్క అక్షరం కూడా చెదరదు కాబట్టి పోయిన సంగతి చాలాకాలం ఎవరికీ తెలియదు కూడా. పాత పుస్తకాలకు బాగుచేయించే వంకతో ఇలాంటి నష్టమే ఎక్కువ జరిగింది. కోయొద్దని గట్టిగా చెప్పి ఇచ్చినా ప్రయోజనం లేదు. పక్క కుట్టు పడ్డాక పేజీలు జరగవు, బొమ్మ విప్పుకోదు. ఫెవికాల్ ఎండితే మళ్లీ నీళ్లతో పట్టు వదలదు. ఆ కాలం బైండర్లు వాడిన పిండి జిగురూ, జంతు చర్మాల నుంచి తీసిన జిగురూ తడికి మెత్తబడతాయి. అందుకే నిపుణులైనవాళ్లు ఎప్పుడైనా వాటిని కాగితం చెడకుండా విప్పగలరు. ఆ అవకాశాన్ని చెడగొట్టుకోకండి.

రంగులు దిద్దించడం కూడా వద్దు. ఇవి నీటి రంగులు, తుమ్మ జిగురు లాంటి బంకతో కలిపినవి. తడి తగిలితే ఇప్పటికీ కరుగుతాయి. తడి కుంచె పెడితే నీరు రెండు కాగితాల మధ్య సందులోకి పాకి రంగును లోపలికి ఈడ్చుకుపోతుంది. కాగితం ఉబ్బి అలలు తేలుతుంది, ఆ తర్వాత పట్టీలు ఒకదానికొకటి సరిగ్గా కలవవు. తడిగుడ్డతో తుడవడం, దూదితో అద్దడం కూడా అంతే ప్రమాదం. ఇంకో అలవాటు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పేజీ తిప్పడానికి వేలు నాలుకకు అద్దుకుంటాం కదా, ఆ తడి వేలు పడేది సరిగ్గా ముందంచు మీదే. వెన్నుకి ఎదురుగా ఉండే ఈ అంచునే ముందంచు అంటున్నాను. ఇంట్లో అందరికీ ఈ మాట చెప్పండి.

చూసే పద్ధతికి వద్దాం. ముందు పుస్తకానికి విప్పుకునే ఓపిక ఉందో లేదో పరీక్షించాలి. పై అట్ట మెల్లగా తెరిచి, అట్టా వెన్నూ కలిసే మడత దగ్గర తోలు చిట్లిందేమో చూడండి. ఒకటి రెండు చోట్ల పుస్తకం మధ్యకు తెరిచి కుట్టు దారం తెగిందా, కాగితాల కట్ట ఏదైనా ముందుకు జారిందా గమనించండి. అట్ట ఊగుతున్నా, కట్టలు వదులైనా ఇక విప్పొద్దు. మీరు చెప్పినట్టు వెన్ను తోలు పొడి రాలుతోంది కాబట్టి ఈ పరీక్ష మీకు తప్పనిసరి.

అంతా గట్టిగా ఉందనుకున్నాక బల్ల మీద మడత పెట్టిన తువ్వాలు వేసి, చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరబెట్టుకుని కూర్చోండి. గ్లవ్స్ అక్కర్లేదు. గుడ్డ గ్లవ్స్‌తో కాగితం పట్టు తెలియదు, అంచులు దారాలకు తగులుకుంటాయి. పై అట్టను తెరిచి దాని కింద మరో పుస్తకమో, మడత గుడ్డో ఆసరా పెట్టండి, వేలాడకూడదు. కాగితాల కట్టను మాత్రమే ఒక చేత్తో వెన్ను వైపు, ఇంకో చేత్తో ముందంచు వైపు పట్టుకుని, బొటనవేలితో మెల్లగా కింది అట్ట వైపు వంచండి. పేజీలు వాటంతట అవి మెట్లుగా జరుగుతాయి. బొమ్మ స్పష్టంగా కుదిరిన చోట ఆగండి, ఇంకా లాగితే బొమ్మ సాగి గీతలుగా విడిపోతుంది. తర్వాత వదిలేసి, ఇంకో వైపు అట్ట తెరిచి ఎదురు దిక్కుకి వంచి చూడండి. కొన్ని పుస్తకాల్లో అటు వంచితే ఒక బొమ్మ, ఇటు వంచితే ఇంకో బొమ్మ ఉంటాయి. వాటిని జంట బొమ్మలంటారు. ఒక పక్క చూసి సంతోషించి రెండో పక్క చూడకుండా బీరువాలో పెట్టేసిన కుటుంబాలు ఉంటాయి కాబట్టే ఇంత నొక్కి చెబుతున్నాను. ఇంకా అరుదుగా, పుస్తకం సగానికి తెరిస్తే రెండు సగాల మీద రెండు బొమ్మలు వచ్చే రకం ఉంది. అది కూడా ఒకసారి చూడండి.

పేజీలు కొన్ని అంచు దగ్గర అతుక్కుని కనిపిస్తే బలవంతం చెయ్యకండి. బంగారు రేకును కాగితానికి పట్టించేది గుడ్డు తెల్లసొనతో చేసిన పలుచని జిగురు. కోస్తా తేమకి అది మెత్తబడి పక్క కాగితాన్ని పట్టుకుంటుంది. చాకో, బ్లేడో దూర్చి విడదీస్తే ముందు చిరిగేది బొమ్మ ఉన్న పట్టీయే.

రెండు నిమిషాలకు మించి విప్పి ఉంచకండి. అద్దాల బీరువాలో విప్పిన భంగిమలో నిలబెట్టడం, రబ్బరు బ్యాండు చుట్టడం, క్లిప్పు పెట్టడం అసలు వద్దు. వంచిన ప్రతిసారీ వెన్ను మీది పాత జిగురు పొర కాస్త పగులుతుంది, కుట్టు దారం లాగబడుతుంది. గుండ్రటి వెన్ను కొన్నాళ్లకి పక్కకి వాలిపోతుంది. అప్పుడు పుస్తకం మూసినా అంచు చదునుగా రాదు, దాగాల్సిన రంగు బయటికి కనిపిస్తుంది, వెలుతురు తగిలి వెలిసిపోతుంది. మీ బొమ్మ రంగులు ఇన్నేళ్లు నిలవడానికి కారణం అది చీకట్లో ఉండడమే.

అందుకే ఒక్కసారి మంచి ఫొటో తీసి పెట్టుకోండి. చుట్టాలు వచ్చినప్పుడల్లా పుస్తకం బదులు దాన్నే చూపించవచ్చు. దీనికి ఇద్దరు కావాలి, ఒకరు పుస్తకం పట్టుకోవడానికి, ఒకరు ఫొటోకి. ఎండ నేరుగా పడని కిటికీ పక్కన, ఉదయం వెలుతురులో, ఫోన్‌ను స్టాండుకి బిగించి బొమ్మకు సరిగ్గా ఎదురుగా, సమాంతరంగా ఉంచండి. ఫ్లాష్ వద్దు, బంగారం మీద తళుక్కుమని బొమ్మను తినేస్తుంది. పక్కన స్కేలు ఒకటి పెడితే కొలతలు కూడా దొరుకుతాయి. ఎదురు దిక్కుకి వంచి ఒకటి, మూసిన అంచుకి ఒకటి, వెన్నుకి, అట్టలకి, మొదటి పేజీకి ఒక్కొక్కటి తీయండి.

ఇక మీ అసలు ప్రశ్న, బొమ్మ వయసు. పుస్తకం 1817 నాటిదైనంత మాత్రాన బొమ్మ కూడా అప్పటిదే అనలేం.

పుస్తకం అంచుకి బొమ్మలు వెయ్యడం పాతదే. 16వ శతాబ్దం ఇటలీలో, చిత్రకారుడు టిషియన్ బంధువు చేజరే వెచెల్లియో, బెల్లూనో ప్రాంతపు పిల్లోనే కుటుంబం పుస్తకాలకు అంచుల మీద బొమ్మలు వేశాడు. అవి మూసిన పుస్తకం మీదే కనిపించేవి. ఆ రోజుల్లో పుస్తకాలను ముందంచు బయటికి వచ్చేలా అలమరలో పెట్టేవారు. మూస్తే మాయమయ్యే బొమ్మ మాత్రం 17వ శతాబ్దం ఇంగ్లండుది. 1651లో అచ్చయిన ఒక బైబిల్ ముందంచు మీద వంశచిహ్నం, లూయిస్ అన్న సంతకం, 1653 అన్న తేదీ ఉన్నాయి. సంతకమూ తేదీ రెండూ ఉన్నవాటిలో తెలిసినంతవరకు ఇదే మొదటిది. మీ పుస్తకంలో ఉన్నలాంటి ఏటి ఒడ్డు దృశ్యాలకు పేరు తెచ్చింది యార్క్‌షైర్‌లో హాలిఫాక్స్ ఊరి ఎడ్వర్డ్స్ కుటుంబం. తండ్రి విలియం, కొడుకులు పుస్తకాల వ్యాపారమూ బైండింగూ చేసేవారు. వాళ్లలో జేమ్స్ 1785లో, పారదర్శకంగా చేసిన చర్మపు అట్ట లోపలి వైపున బొమ్మ వేసే పద్ధతికి పేటెంటు కూడా తీసుకున్నాడు. వాళ్లను చూసి మిగతా బైండర్లూ ముందంచు బొమ్మలు వేయించడం మొదలుపెట్టారు. ఆ లెక్కన 1817 నాటి పుస్తకానికి అప్పుడే వేసిన బొమ్మ ఉండడం అసంభవమేమీ కాదు.

కాని ఇప్పుడు అమ్మకానికి వచ్చేవాటిలో పెద్ద భాగం 19వ శతాబ్దం చివరా 20వ శతాబ్దంలోనూ, పాత పుస్తకాలు ఏరి తెచ్చి వాటి మీద వేసినవి. వీటిలో మోసం ఉద్దేశం లేనివీ ఉన్నాయి. 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల్లో సి. బి. కరీ అనే చిత్రకారిణి తన బొమ్మలకు వరస సంఖ్య వేసి సంతకం పెట్టేది. అలాంటి గుర్తు ఏమైనా ఉందేమో పుస్తకం మొదట్లో, చివర్లో ఉన్న ఖాళీ కాగితాల మీద వెతకండి.

గుర్తు లేకపోతే ఆధారాలు కూడగట్టాలి. పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం ఒకటి తెచ్చుకోండి, గడియారాలు బాగుచేసేవాళ్లు కంటికి పెట్టుకునేది చాలు. మొదట ఆ ఖాళీ కాగితాలనే చూడండి. అవి తర్వాతి కాలంలో మార్చినవై, వాటి మీద కూడా బొమ్మ తెగకుండా సాగితే, బొమ్మ ఆ మార్పు తర్వాతదే. మార్చిన కాగితాల మీద రంగు లేకుండా పాత కాగితాల మీదే ఉంటే, బొమ్మ ఆ మార్పుకి ముందుది. నాకు అన్నిటికన్నా నమ్మకమైన ఆధారం ఇది, ఎందుకంటే ఇందులో అభిప్రాయానికి చోటు లేదు. కాగితం కొత్తదా పాతదా అన్నది నోట్లు పరీక్షించే అల్ట్రావయొలెట్ దీపం కింద కొంత తెలుస్తుంది. 1950 ప్రాంతం తర్వాత కాగితం తెల్లగా కనిపించడానికి కలిపే రసాయనాలు ఆ దీపం కింద నీలిగా వెలుగుతాయి. 1817 నాటి కాగితం అలా వెలగదు. దీపం కొన్ని సెకన్లకు మించి వేసి ఉంచకండి.

రెండోది బొమ్మలో ఉన్న దృశ్యం. ఆ వంతెన ఏదో గుర్తించగలిగితే చాలా తేలుతుంది. లండన్ టవర్ బ్రిడ్జి తెరిచింది 1894లో, పార్లమెంటు గడియారపు గోపురం పూర్తయింది 1859లో, బ్రిస్టల్ దగ్గరి క్లిఫ్టన్ వేలాడే వంతెన పూర్తయింది 1864లో. వాటిలో ఏది కనిపించినా బొమ్మ పుస్తకం కన్నా తర్వాతి కాలానిదని తేలినట్టే. దీనికి తిరగేసిన వాదన మాత్రం చెల్లదు. 1830లలో కూల్చేసిన పాత లండన్ వంతెన బొమ్మలో ఉందని, బొమ్మ అంతకు ముందుదే అనుకోకూడదు. తర్వాతి చిత్రకారులు పాత చెక్కుడు చిత్రాలు ముందు పెట్టుకుని చూసి వేసేవారు.

మూడోది రంగులు. జింకు తెలుపు నీటి రంగుగా బజారుకి వచ్చింది 1834లో, టైటానియం తెలుపు 1920 ప్రాంతంలో. అల్ట్రావయొలెట్ కింద జింకు తెలుపు పసుపు ఛాయలో వెలుగుతుంది. మబ్బుల్లో, నీటి మెరుపుల్లో అలా కనిపిస్తే 1817 మాట మరిచిపోవచ్చు. అయితే కేవలం ఆ మబ్బులే తర్వాత ఎవరో దిద్ది ఉండవచ్చు కూడా. కాగితం గీకకుండా, నమూనా తియ్యకుండా రంగులోని లోహాలను గుర్తించే ఎక్స్‌రే పరికరాలు పరిరక్షణ ప్రయోగశాలల్లో ఉంటాయి. గట్టి జవాబు కావాలంటే దారి అది. ఇంకొక చిన్న సూచన, మూసిన అంచును భూతద్దంతో చూసినప్పుడు బంగారం పైన రంగు చుక్కలు కనిపిస్తే, బంగారం అద్దిన తర్వాత ఎవరో బొమ్మ వేశారని అనుమానించాలి. బొమ్మ ముందు వేసి బంగారం తర్వాత అద్దితే రంగు బంగారం కిందే ఉంటుంది.

ఒకవేళ 1900 ప్రాంతానిదని తేలినా చిన్నబుచ్చుకోకండి. పావు మిల్లీమీటరు పట్టీల మీద వంతెన నిలబెట్టిన చెయ్యి ఏ కాలానిదైనా గొప్ప చెయ్యే.

తోలు సంగతి. కొబ్బరినూనె వద్దు, వాసెలిన్ వద్దు, బూట్ల పాలిష్ అసలే వద్దు. ఎర్రపొడి రాలడం తోలు ఎండిపోయినందుకు కాదు. చర్మం పదును పెట్టినప్పటి పదార్థాలూ, గాలిలోని గంధక వాయువులూ కలిసి తోలులో ఆమ్లం పెంచి, దాని పీచునే పొడి చేశాయి. పీచు తెగాక నూనె అతికించలేదు. నూనె తోలులోంచి కాగితంలోకి, అక్కడి నుంచి ముందంచులోకి పాకుతుంది. బంగారం కింద నూనె మరక పడితే తియ్యడం ఎవరి వల్లా కాదు. పైగా మన వాతావరణంలో నూనె మీద బూజు పడుతుంది. పరిరక్షకులు ఈ పొడిని ఆపడానికి హైడ్రాక్సీప్రొపైల్ సెల్యులోజ్ అనే పదార్థాన్ని ఆల్కహాల్‌లో నూటికి ఒకటి రెండు వంతులు కలిపి తోలు మీద మాత్రమే పూస్తారు. ఇది ఇంట్లో చేసే పని కాదు. అప్పటిదాకా ఆమ్లం లేని తెల్ల కాగితంతో పుస్తకాన్ని చుట్టి ఉంచండి, పొడి ముందంచు మీద పడకుండా ఉంటుంది.

ముక్క వాసన అంటే తేమ నిలిచిందని అర్థం. గాలిలో తేమ 65 శాతం దాటి నిలకడగా ఉంటే బూజు మొదలవుతుంది, కాకినాడ వానాకాలంలో అది మామూలే. చిన్న డిజిటల్ తేమ మీటరు ఒకటి కొని బీరువాలో పెట్టండి. పుస్తకానికి 45 నుంచి 55 శాతం మధ్య సుఖం. పుస్తకం కొలతకు ఆమ్లం లేని అట్టతో పెట్టె చేయించి, మూత బిగువుగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో ఆ పెట్టెనూ, గుడ్డ సంచిలో పోసిన సిలికా జెల్‌నూ కలిపి ఉంచండి. జెల్ రంగు మారినప్పుడు తీసి 110 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో రెండు గంటలు వేడి చేసి, చల్లారాక మళ్లీ వాడుకోవచ్చు. పొడిగా ఉంటే మంచిదే కదా అని జెల్ ఎక్కువ పోయకండి. తేమ 35 శాతం కన్నా తగ్గితే పాత జిగురూ తోలూ పెళుసెక్కి, తర్వాత విప్పినప్పుడు చిట్లుతాయి. పగలు ఏసీ వేసి రాత్రి ఆపే గదిలో కన్నా, ఎప్పుడూ ఒకేలా ఉండే లోపలి గది మేలు. ఇనుప బీరువా బయటి గోడకి ఆనించి ఉంటే నాలుగైదు అంగుళాలు జరపండి, గోడ చెమ్మ దానిలోకి దిగుతుంది.

కలరా ఉండలు పెట్టకండి. ఆ వాసన మనుషుల ఆరోగ్యానికి మంచిది కాదు, తలుపు తీస్తూ వేస్తూ ఉండే బీరువాలో పురుగుని చంపేంత గాఢంగా నిలవదు కూడా. పచ్చి వేపాకు పేజీల మధ్య పెడితే తడీ మరకా మిగులుతాయి. పురుగు తిన్న రంధ్రాలు, తాజా పొడి కనిపిస్తే పుస్తకాన్ని జిప్ కవర్లో వేరుచేసి నిపుణులకు చూపించండి. మామూలు పుస్తకాలను డీప్ ఫ్రీజర్లో పెట్టి పురుగుని చంపుతారు గాని, బయటికి తీసినప్పుడు చెమ్మ పట్టే ప్రమాదం ఉంది కాబట్టి నీటి రంగులున్న ఈ పుస్తకంతో ఇంట్లో ఆ ప్రయోగం వద్దు. సలహాకి హైదరాబాదు సాలార్ జంగ్ మ్యూజియం పరిరక్షణ విభాగాన్ని అడగండి. కళా, సాంస్కృతిక వారసత్వాన్ని కాపాడే ఇన్‌టాక్ సంస్థకు పలు నగరాల్లో పరిరక్షణ కేంద్రాలున్నాయి, అవి ప్రైవేటు వ్యక్తుల వస్తువులకూ పని చేస్తాయి.

మీ మనవరాలి కోరిక నాకు చాలా సంతోషం కలిగించింది. ఈ పని చేసేవాళ్లు ఇంగ్లండులోనే వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది మిగిలారు. అక్కడి హస్తకళల సంస్థ దీన్ని అంతరించిపోయే ప్రమాదం తీవ్రంగా ఉన్న కళల జాబితాలో పెట్టింది. తప్పకుండా నేర్చుకోనివ్వండి, వేరే పుస్తకం మీద.

పుస్తకం ఎంపికలోనే సగం పని ఉంది. జిగురుతో మాత్రమే అంటించిన ఈ రోజుల నవలలు పనికిరావు, రెండుసార్లు వంచితే పేజీలు ఊడతాయి. నున్నటి ఆర్ట్ పేపరు మీద రంగు నిలవదు, పేజీలు అతుక్కుంటాయి. కట్టలు కట్టలుగా కుట్టిన లెడ్జరు పుస్తకం, 300 నుంచి 400 పేజీలది, స్టేషనరీ షాపులో దొరికితే అంతకన్నా మంచిది లేదు. అంచు గరుకుగా ఉంటే పుస్తకాన్ని రెండు చెక్కల మధ్య బిగించి 400 నంబరు ఉప్పు కాగితంతో, తర్వాత 800తో, ఒకే దిక్కుకి రుద్ది నునుపు చెయ్యాలి. నునుపు పని రంగుకి ముందే అయిపోవాలి.

తర్వాత పేజీలు ఏటవాలుగా జరిపి, ఆ వాలుకి సరిపడా కోసిన చెక్కముక్కలు పైనా కిందా పెట్టి, రెండు సి-క్లాంపులతో బిగించాలి. ఎంత బిగువుగా ఉంటే అంత మంచిది. కాగితాల మధ్య సందు ఉంటే నీరు దూరుతుంది. గట్టి పెన్సిలుతో లేతగా గీసుకుని, సున్నా నంబరు కుంచె వాడాలి. రంగులో ముంచిన కుంచెను ప్రతిసారీ బ్లాటింగు కాగితం మీద అద్ది, దాదాపు ఆరిపోయిన కుంచెతో చుక్కలు చుక్కలుగా వెయ్యాలి. మొదటిసారి వేసేవాళ్లందరూ దెబ్బతినేది ఆకాశం దగ్గర. కాగితం మీద అలవాటుగా తడి పూత పూస్తారు, అది లోపలికి అర అంగుళం పాకి ప్రతి పేజీ మార్జిన్‌లో నీలం మరక అవుతుంది. ఆకాశాన్ని కూడా పొడి కుంచెతో నాలుగైదు పలుచని పొరలుగానే కట్టాలి. గడ్డి పోచలు, కిటికీలు లాంటి చిన్న వివరాలు మొదట్లో వద్దు. పేజీలు మళ్లీ అదే వాలుకి సరిగ్గా రావు కాబట్టి అవి చెదిరినట్టు కనిపిస్తాయి. పూర్తయ్యాక క్లాంపులోనే ఒక రోజు ఆరనివ్వాలి. విప్పిన వెంటనే పేజీలను రెండు మూడు సార్లు మెల్లగా అటూ ఇటూ జరిపితే అతుక్కున్నవి వదులుతాయి.

బంగారం రెండో ఏట నేర్చుకోమనండి. మొదట్లో అంచుకి ఏమీ అద్దకుండా వదిలేసినా మూసినప్పుడు సన్నటి రంగు ఛాయ తప్ప బొమ్మ తెలియదు. నేర్చుకున్నప్పుడు వరస ఇది: మూసిన పుస్తకాన్ని బాగా బిగించి, అంచుకి ఎర్రమట్టి పూత పలుచగా వేసి, ఆరాక నున్నటి అకీకు (అగేట్) రాయితో మెరుగు పెట్టి, తెల్లసొనలో మూడు నాలుగింతలు నీళ్లు కలిపి రాత్రంతా ఉంచి వడగట్టిన జిగురు ఒక్క పూత పూసి, రేకు అద్ది, ఆరాక మళ్లీ రాయితో రుద్దడం. రేకు మందం మిల్లీమీటరులో పదివేలవ వంతు ఉంటుంది, ఊపిరి తగిలినా చుట్టుకుంటుంది, కాబట్టి ఫ్యాను ఆపాలి. పాతబస్తీలో మిఠాయిల మీదికి అమ్మే వెండి వరఖ్ వాడాలనిపిస్తుంది గాని, వెండి కొన్నాళ్లకి నల్లబడుతుంది. చవక బంగారు రంగు రేకు ఇత్తడిది, అది పచ్చబడుతుంది.

చివరిగా మీ అబ్బాయి ఆలోచన. సూట్‌కేసులో పెట్టుకుని వెళ్లనివ్వకండి. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళ, సాహిత్య విలువ గల వస్తువులు పురావస్తువుల కిందికి రావచ్చు. అలా వచ్చినదాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడానికి వీల్లేదు. ఆ వస్తువు ఎక్కడ తయారైందన్న దానికన్నా ఇప్పుడు ఎక్కడుందన్నదే విమానాశ్రయంలో అడుగుతారు. కస్టమ్స్‌వాళ్లు ఆపితే పుస్తకం చేజారుతుంది, కేసు కూడా పడుతుంది. మీ పుస్తకం ఆ కోవలోకి రాదని నిపుణుల సంఘం తేల్చి, పురావస్తువు కాదన్న ధ్రువపత్రం భారత పురావస్తు సర్వేక్షణ శాఖ నుంచి చేతికి వస్తేనే బయటికి పంపగలరు. దరఖాస్తుకి ఫొటోలు, కొలతలు కావాలి. పైన చెప్పినట్టు తీసి పెట్టుకుంటే ఆ పని కూడా అయిపోతుంది.

అమ్మాలన్న తొందర లేకపోతే, ముందు ధర ఎంతో తెలుసుకోవడానికి పుస్తకం కదలనక్కర్లేదు. అవే ఫొటోలను మీ అబ్బాయి లండన్‌లో పాత పుస్తకాల వేలం సంస్థలకు పంపితే వాళ్లు ప్రాథమిక అంచనా చెబుతారు. జంట బొమ్మ అయితే, సంతకం ఉంటే, బొమ్మకీ పుస్తకంలోని విషయానికీ సంబంధం ఉంటే, అట్ట పాతదే అయి గట్టిగా ఉంటే ధర పెరుగుతుంది. కాగితాల మార్పు గురించి, అల్ట్రావయొలెట్ కింద కనిపించినదాని గురించి ఉన్నదున్నట్టు రాయమనండి. వాళ్లు మొదట అడిగేది అదే.